మూడు గంటల పెట్టె

గడియారాలు బాగుచేసే ఆయనకు వీధిలో ఒక పేరుంది: ఒక్కనిమిషం మాస్టారు. అది పనితనానికి వచ్చిన పేరు కాదు. ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా సరే, ఆయన "ఒక్క నిమిషం" అని లేచి బయటికి వెళ్తాడు. ఏడు నిమిషాల తరవాత పొగ వాసనతో తిరిగివచ్చి, "ఆ, ఏమన్నారు?" అంటాడు. ఊరందరి నిమిషాలనూ సరిచేసిన ఆ మనిషి తన నిమిషాన్ని ఎన్నడూ సరిచూసుకోలేదు.

ఆయన భార్యకూ ఒక పేరుంది. పెద్దాసుపత్రి మందుల కౌంటర్లో కూర్చుని, వచ్చిన ప్రతి రోగికీ పొట్లం అందిస్తూ "పూటకొకటి, తిన్నాక" అంటుంది కనుక ఆమె పూటకొకటి మేడం. ఒకరి లెక్క నిమిషాల్లో, మరొకరి లెక్క పూటల్లో. కొలమానాలు కలవకుండానే వాళ్ల కాపురం ఇరవై రెండేళ్లు నడిచింది.

ఒక సోమవారం ఉదయం మాస్టారు ఊరి అవతలి చివరనున్న ఒక డాక్టరు ముందు ఎడమకాలి చెప్పు విప్పి కూర్చున్నాడు. పెద్దాసుపత్రికి వెళ్తే భార్యకు తెలిసిపోతుందని అంత దూరం వెళ్లాడు. అంత దూరమూ కుంటుతూనే వెళ్లాడు.

డాక్టరు ఆయన బొటనవేలిని నొక్కి చూశాడు. అది వంకాయ రంగులో ఉంది.

"రోజుకు ఎన్ని తాగుతారు?"

"లెక్కపెట్టలేదండి."

"ఇరవై?"

"మీరు అలా నిలదీస్తే, ఇరవై."

"కాలికి రక్తం వెళ్లే దారులు మూసుకుపోతున్నాయి. సిగరెట్టు కావాలో పాదం కావాలో తేల్చుకోండి. రెండూ ఉండవు."

మాస్టారు కొంచెంసేపు ఆలోచించాడు. "ఎప్పటిలోగా చెప్పాలండి?"

డాక్టరు కళ్లజోడు తీసి ఆయన ముఖంలోకి చూశాడు. "ఆరు వారాలు. అప్పటికి మీరు చెప్పకపోతే మీ కాలే చెబుతుంది."

ఆ మాటను జీర్ణం చేసుకోవడానికి మాస్టారుకు రెండు సిగరెట్లు పట్టాయి. పక్కనున్న మందుల కొట్టులో డాక్టరు రాసిన మాత్రలు లేవు. "పేరు చెప్పండి, రేపటికి తెప్పిస్తాం" అన్నారు. మర్నాడు వచ్చిన పొట్లం మీద ఎర్ర సిరాతో ముచ్చటైన దస్తూరీ: పూటకొకటి, తిన్నాక. ఎవరో బుద్ధిమంతులు రాసినట్టుందనుకుని, దాన్ని తన దుకాణం సొరుగులో అడుగున దాచాడు.

వేలి సంగతి భార్యకు చెప్పాలన్న ఆలోచన రాకపోలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. "మానెయ్యండి" అంటుంది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. చెప్పడానికేమీ లేనివాడు సాధారణంగా చేసే పనే ఆయనా చేశాడు. ఎదుటివాళ్ల తప్పు వెతికాడు. పెద్దగా వెతకనక్కరలేకపోయింది. అది సోఫా మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

ఆమె ఫోన్లో పళ్ల ఆట ఆడుతోంది. ఒకే రకం పళ్లు మూడు వరుసగా చేరితే పగులుతాయి. పగిలినచోట ఇంకో మూడు పడతాయి. అంతకుమించి ఆ ఆటలో తత్త్వమేమీ లేదు. ఆమె రెండువేల నూటపద్నాలుగో మెట్టు మీద ఉంది.

"నీకు జబ్బు చేసింది," అన్నాడు మాస్టారు.

"ఎవరు చెప్పారు?" ఆమె కళ్లెత్తలేదు.

"నేనే చెబుతున్నాను. పళ్ల జబ్బు."

"మీరు చెప్పారా. అయితే తగ్గిపోతుందిలెండి."

"నవ్వులాట కాదు. వ్యసనమంటే పొగా, మందూ మాత్రమే అనుకుంటారు జనం. చేతిలో ఉన్నది ఏదైతేనేం, లోపల జరిగేది ఒకటే. ఇంకొక్కటి, ఇదొక్కటి, ఇక ఇదే ఆఖరుది అనిపిస్తుంది. చేతిలో లేకపోతే చెయ్యి ఊరికే ఉండదు. ఎవరైనా అడిగితే కోపం వస్తుంది. దొరికాక అంత రుచీ ఉండదు. అయినా కావాలి."

"ఎక్కడ చదివారు?"

"చదవలేదు," అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పిన మాటల్లో నిజమైనది అదొక్కటే.

"మరి మీ సంగతి?"

"నాది కనిపించే జబ్బు. పొగ వస్తుంది, వాసన వస్తుంది, దగ్గు వస్తుంది. దాచేదేముంది? నీది కనిపించదు. కనిపించనిదే ప్రమాదం."

"కనిపించేదాన్ని మెట్ల కిందా, నీళ్ల ట్యాంకు వెనకా, స్నానాల గదిలోనూ ఎందుకు తాగుతారు?"

మాస్టారు చొక్కా జేబు తడుముకున్నాడు. "నీ ఆరోగ్యం కోసం."

ఆమె ఒక వరుస నిమ్మకాయల్ని పగలగొట్టింది.

అప్పుడు మాస్టారు తన పథకం బయటపెట్టాడు. ఇద్దరికీ రెండు పెట్టెలు చేస్తాడు. ఒకదాంట్లో ఆమె ఫోను, ఒకదాంట్లో తన సిగరెట్లు. మూత మూస్తే మళ్లీ మూడు గంటలకు గాని తెరుచుకోదు. తెరుచుకున్నాక ఆయన ఒక్కటి తాగాలి, ఆమె ఒక్క ఆట ఆడాలి, వెంటనే మూసెయ్యాలి. ఎవరు ఎక్కడికి వెళ్లినా పెట్టె వెంట ఉండాలి.

ఆమె మొదటిసారి తలెత్తింది. "మీరు? మూడు గంటలు?"

"నేనే."

"సరే."

అంత తొందరగా ఒప్పుకున్నందుకు మాస్టారుకు కొంచెం నిరాశ కలిగింది. ఇంకో నాలుగు వాదనలు తయారుచేసుకుని ఉన్నాడు.

రెండు రోజులు కూర్చుని, పాత అలారం గడియారాల మరలతో పెట్టెలు చేశాడు. మూత పడగానే లోపల ఒక చక్రం తిరగడం మొదలుపెడుతుంది. దాని అంచున వరుసగా సన్నని బెజ్జాలు. ఒక్కో బెజ్జం దాటడానికి అయిదు నిమిషాలు. ఏ బెజ్జంలో పిన్ను గుచ్చితే, చక్రం అక్కడికి వచ్చేసరికి గొళ్లెం టక్కున ఊడుతుంది. మూడు గంటలు కావాలంటే ముప్పై ఆరో బెజ్జం.

భార్య పెట్టెలో పిన్నును నలభై ఎనిమిదో బెజ్జంలో గుచ్చాడు. తన పెట్టెలో పద్దెనిమిదో దానిలో. ఆమెకు నాలుగు గంటలు, తనకు గంటన్నర. సగటు తీస్తే ఇంచుమించు మూడే కదా అని అంతరాత్మకు సర్దిచెప్పాడు. గడియారాల వాళ్ల అంతరాత్మ అంకెలకు లొంగుతుంది.

పెట్టెలు చూసి ఆమె ఒక్క షరతు పెట్టింది. "మరలున్న అరకు తాళం వెయ్యండి. మీ పెట్టె తాళంచెవి నా దగ్గరుంటుంది. నా పెట్టెది మీరు ఉంచుకోండి."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది కనుకే తాళం అడుగుతున్నాను. లేకపోతే పెట్టే వద్దనేదాన్ని."

పిన్నులు గుచ్చడం ఎలాగూ అయిపోయింది కనుక మాస్టారు ఉదారంగా తాళంచెవి ఇచ్చేశాడు.

మొదటి రోజుల్లో ఆయన సుఖపడ్డాడు. గంటన్నర ఆగడం తేలికేమీ కాదు. అంతకుముందు నలభై నిమిషాలకే ప్రాణం పోయేది. కానీ టక్కున గొళ్లెం ఊడినప్పుడు వచ్చేది సిగరెట్టు ఒక్కటే కాదు, భార్యను బోల్తా కొట్టించానన్న తృప్తి కూడా వచ్చేది. ఆ తృప్తే ఒక పొగ. పక్కనున్న టీ కొట్టాయన మర్యాదకు ఒక సిగరెట్టు చాపితే, "వద్దయ్యా, నేను నియమంలో ఉన్నాను" అన్నాడు గర్వంగా. మెట్ల కింద దాచిన పాకెట్టు జోలికీ పోలేదు. ఎలాగూ మోసం చేస్తూనే ఉన్నాడు, కొత్తగా ఇంకో మోసం చెయ్యాల్సిన అవసరమేముంది? ఆ ఒక్క మోసమూ ఆయనను చిత్రంగా నిజాయితీపరుణ్ణి చేసింది.

రెండో వారంలో అనుమానం మొదలైంది. గంటన్నర మరీ పొడుగ్గా ఉంటోంది.

గడియారాలు బాగుచేసే దుకాణంలో నలభై గడియారాలుంటే నలభై రకాల టైములుంటాయి. అందుకే అలాంటి ప్రతి దుకాణంలోనూ ఒకటి సరి గడియారం ఉంటుంది. మిగతావన్నీ దాన్ని చూసి సరిపెడతారు. మాస్టారు బల్లకు ఎదురుగా గోడ మీదున్న లోలకం గడియారం అది. దాన్ని చూస్తూ పెట్టెకు కాపలా కాశాడు. పెట్టె తెరుచుకునేసరికి గంటా యాభై నిమిషాలైంది.

సాయంత్రం భార్య దగ్గరికి వెళ్లాడు.

"ఇదిగో, నా పెట్టె కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటోందేమో అనిపిస్తోంది."

"మూడు గంటలు దాటుతోందా?"

"లేదు."

"మూడు గంటలకు ముందే తెరుచుకుంటోందా?"

"అబ్బే."

"మరి సరిగ్గానే ఉంది కదండీ?"

"అవును," అన్నాడు మాస్టారు. "సరిగ్గానే ఉంది."

ఫిర్యాదు చెయ్యాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి. తాళంచెవి అడగాలంటే ఎందుకో చెప్పాలి. గంటన్నరకు తెరుచుకోవలసిన పెట్టె గంటా యాభైకి తెరుచుకుంటోందని, మూడు గంటల పెట్టె ఉన్న మనిషి ఏ ముఖం పెట్టుకుని అంటాడు?

మర్నాడు దుకాణంలో కూర్చుని తర్కించాడు. పెట్టె తన చేతులతో చేసింది. పిన్ను తన చేత్తో గుచ్చింది. పెట్టె మూసిన గంటన్నరకు సరిగ్గా ప్రాణం లాగుతుందని తన ఒళ్లే చెబుతోంది. పెట్టె ఒక సాక్షి, తన ఒళ్లు ఇంకో సాక్షి. ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క గడియారం. ఇద్దరు ఒక మాట, ఒకరు ఒక మాట. అంటే తప్పెవరిది?

ముప్పై ఏళ్లుగా నిమిషం తప్పని సరి గడియారాన్ని మాస్టారు గోడ మీంచి దించాడు. లోలకం కింది నట్టు తిప్పి, బిళ్లను చివరంటా దించాడు. లోలకం ఎంత పొడుగైతే గడియారం అంత నెమ్మదిస్తుంది. ఆ మాత్రం ఆయనకు తెలుసు. తెలియనిది, తాను ఆ పని ఎందుకు చేస్తున్నాడో.

పెట్టె ఇంకా ఆలస్యమైంది. మాస్టారు లోలకానికి ఇంకో కాడ అతికించాడు. తేడానంతా గడియారం నెత్తినే రుద్దలేదు లెండి. ఆయన న్యాయం తెలిసినవాడు. కొంత గడియారం తప్పనుకున్నాడు, కొంత చలికి నూనె చిక్కబడిందనుకున్నాడు, మిగిలింది తన వయసనుకున్నాడు. ఉదయం రేడియో వార్తలకు గడియారాన్ని సరిపెట్టేవాడు. సాయంత్రానికి అది గంటకు పైగా వెనకబడేది. మర్నాడు ఉదయం రేడియో ఆ సంగతి చెబితే, మధ్యలో ఎప్పుడో ఆగిపోయి ఉంటుందని సరిపెట్టుకునేవాడు.

నాలుగో వారానికి లోలకం గడియారం చట్రంలో పట్టలేదు. గడియారం అడుగు చెక్కను రంపంతో కోసి బెజ్జం చేశాడు. లోలకం ఆ బెజ్జంలోంచి దిగి, కింద పడుకున్న జంతువు తోకలాగా గోడ మీద అటూ ఇటూ ఊగసాగింది.

ఇంకో వింత కూడా జరిగింది. ఒక్కరోజులో అయిపోయే సిగరెట్టు పాకెట్టు మూడు రోజులు వస్తోంది. ఈమధ్య ఒక్కో పాకెట్టులో ఎక్కువ పెడుతున్నారనుకుని, ఆ కంపెనీ వాళ్లను మనసులో మెచ్చుకున్నాడు. కాలి నొప్పి కూడా కొంచెం తగ్గింది. కొత్త చెప్పుల మహిమ అనుకున్నాడు. ఒక మనిషి తన గురించి తాను తెలుసుకోకుండా ఉండాలని నిశ్చయించుకుంటే, దానికి ఎంత తెలివి ఖర్చు చెయ్యగలడో చెప్పలేం.

ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం ఆయన బావమరిది దుకాణంలోకి వచ్చాడు. బావమరిది బస్సు డ్రైవరు. చేతివాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"బావగారూ, ఈ వాచీ మీరే బాగుచేశారు."

"అవును. రాయిలా నడుస్తుంది."

"రాయిలాగే నడుస్తోంది. దీన్ని చూసుకుని నాలుగింటి బస్సు అయిదుంబావుకు తీశాను. ప్రయాణికులు నన్ను ఏమన్నారో అక్కకు చెప్పలేను గాని, మీకు చెప్పొచ్చు."

చెప్పేలోపు బడిలో గంట కొట్టే ప్యూను వచ్చాడు. "మాస్టారూ, నిన్న పిల్లల్ని గంటకు పైగా ఎక్కువ కూర్చోబెట్టాను. ఇవాళ నన్ను చూసి చిన్నక్లాసు వాళ్లు కూడా రాళ్లు ఏరుకుంటున్నారు."

ఆయన వెనకే పరుగు పందాల కోచ్ వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. మెడలోంచి స్టాప్‌వాచీ తీసి, డ్రైవరు వాచీ పక్కన పెట్టింది. "మీరు సరిచేసిచ్చిన వారంలోనే నా పిల్లలందరూ పాత రికార్డులు బద్దలు కొట్టారు. ఇంటింటికీ వెళ్లి చెప్పాను. నిన్న పోటీలు. ఎనిమిది మంది పరిగెత్తితే నావాళ్లు ఏడూ, ఎనిమిదీ. ఒక పాప నన్ను అడిగింది, 'టీచర్, నిన్నటిదాకా నేను బాగా పరిగెత్తాను కదా' అని. ఏం చెప్పమంటారు?"

మాస్టారు ఆ ప్రశ్నను పక్కకు నెట్టాడు. "నా సరి గడియారం తప్పదు," అన్నాడు.

అందరూ గోడ వైపు చూశారు.

"తప్పదు సరే," అన్నాడు బావమరిది. "దానికి తోక ఎప్పుడు మొలిచింది బావగారూ?"

మాస్టారుకు రోషం వచ్చింది. దొంగ అంటే పడతాడు గాని, టైము తెలియనివాడంటే పడడు. బల్ల కింద నుంచి సిగరెట్ల పెట్టె తీసి అందరి ముందూ పెట్టాడు.

"రుజువు కావాలా? ఇది నేను చేసిన పెట్టె. సరిగ్గా గంటన్నరకు తెరుచుకుంటుంది. పద్దెనిమిదో బెజ్జంలో పిన్ను ఈ చేత్తో గుచ్చాను. గడియారాన్ని దీనికే సరిపెట్టాను. గంటన్నరంటే గంటన్నరే."

"మూడు గంటలు కదండీ?"

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. డ్యూటీ దిగి, తమ్ముడి వెంట వచ్చినట్టుంది.

దుకాణంలోని గడియారాలన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టనిపించింది మాస్టారుకు. నిజానికి అన్నీ నడుస్తూనే ఉన్నాయి, ఎవరి టైము వాళ్లు చెప్పుకుంటూ.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి, పెట్టె అడుగునున్న అర తెరిచింది. "లెక్కపెట్టండి."

మాస్టారు కంటికి అద్దం బిగించుకుని బెజ్జాలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది దాటింది. ముప్పై దాటింది. పిన్ను ముప్పై ఆరో బెజ్జంలో ఉంది.

"రోజు విడిచి రోజు ఒక్కొక్క బెజ్జం జరిపాను," అంది. "ఇవాళ్టికి సరిగ్గా మూడు గంటలు. మీరిచ్చిన మాట ఇవాళ నిలబెట్టుకున్నారు. మీకు తెలియదంతే."

బావమరిది అక్కనూ బావనూ మార్చి మార్చి చూశాడు. "అయితే నా బస్సు?"

"నీ బస్సు సంగతి మీ బావే చెప్పాలి. నేను పిన్ను జరిపాను గాని, గడియారాన్ని ముట్టుకోలేదు."

మాస్టారు తల దించుకుని అన్ని వాచీలూ తీసుకున్నాడు. మూడు నాలుగు రోజుల్లో సరిచేసి తానే ఇళ్లకు తెచ్చిస్తానన్నాడు. ప్యూనూ డ్రైవరూ వెళ్లిపోయారు. కోచ్ మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. "వాచీ నేనే వచ్చి తీసుకుంటాను. ఆ పాపను తీసుకొస్తాను. మీరే చెబుదురుగాని," అని వెళ్లింది.

ఇద్దరే మిగిలారు. గోడ మీద లోలకం తోక ఊగుతూనే ఉంది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు మాస్టారు.

"మొదటి రోజే. ఇంట్లో ఉండగా గంటన్నరకు టక్కుమంది. నా చేతికీ వాచీ ఉంది. మీరు బాగుచేసింది కాదు."

"అప్పుడే అడగొచ్చు కదా."

"అడిగితే మెట్ల కింద పాకెట్టు ఉండనే ఉంది. మా కౌంటరుకు నిద్రమాత్రలకు అలవాటు పడ్డవాళ్లు వస్తుంటారు. ఒక్కసారిగా ఆపేస్తామంటే మర్నాటి నుంచి రారు. ఇంకో కొట్టుకు వెళ్తారు. ఇంకో అబద్ధం చెబుతారు. అందుకని డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. మీకు తప్పించుకునే సందు ఒకటి కావాలి. దాన్ని మూసేస్తే ఇంకోటి తవ్వుకుంటారు. ఉంచేసి, కాస్త కాస్తగా ఇరుకు చేశాను."

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. బల్ల కింద ఎడమకాలిని వెనక్కి లాక్కున్నాడు.

"కాలు దాచకండి," అందామె. సొరుగు తెరిచి, అడుగు నుంచి మాత్రల పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది. "ఈ రాత ఎవరిది?"

ఎర్ర సిరా. పూటకొకటి, తిన్నాక. సామాన్ల చీటీ మీద, ఆయన అన్నం డబ్బా మూత మీద, ఇరవై రెండేళ్లుగా ఇంట్లో ప్రతి సీసా మీదా ఉన్న రాత. నెలకు పైగా ఆ పొట్లాన్ని రోజుకు మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ కొట్టువాళ్లు మందు కోసం ఫోన్ చేసింది మా కౌంటరుకే. పేరు మీదే. నా చేత్తోనే కట్టాను. రాత చూసి గుర్తుపడతారేమో, ఆ పూటైనా వచ్చి చెబుతారేమో అనుకున్నాను."

మాస్టారు పొట్లాన్ని తిప్పి చూశాడు. వాదనలన్నీ మొదటి రోజే మిగిలిపోయాయి.

"నా పెట్టె తాళంచెవి ఏది?"

ఆయన చొక్కా జేబులో వెతికి తీశాడు. దానికి పొగాకు పొడి అంటుకుని ఉంది.

"ఒక్కసారైనా తెరిచి చూశారా?"

"లేదు."

"చూడరని తెలుసు. నాలుగు గంటలు పెట్టారనీ తెలుసు." ఆమె కౌంటర్లో మందు గురించి చెప్పినట్టే చెప్పింది. "నేను మానలేదు. మొదటి రోజు మూడున్నర గంటలు ఆగాను. నాలుగో గంటలో కౌంటరు సొరుగులో ఎవరో వదిలేసిన పాత ఫోను కనిపించింది. ఇప్పుడు రెండువేల తొమ్మిదివందలు దాటాను. పెట్టె లేనప్పటికన్నా ఎక్కువ ఆడుతున్నాను. నిన్న ఒక పెద్దాయనకు ఒక మందు బదులు ఇంకో మందు కట్టి ఇచ్చాను. ఆయన వెళ్లాక చూసుకుని, వీధి చివర దాకా పరిగెత్తి పట్టుకున్నాను. బస్సు ఎక్కేసి ఉంటే?"

"అంత ఎందుకు అలవాటైంది నీకు?" అన్నాడు మాస్టారు. ముప్పై ఆరు రోజుల్లో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"మీరు ఒక్క నిమిషం అని లేస్తారు. ఏడు నిమిషాలకు వస్తారు. రోజుకు ఇరవైసార్లు. ఒక ఆట అవడానికి ఏడు నిమిషాలు పడుతుంది."

ఆయన చేతిలోని తాళంచెవిని చూసుకున్నాడు.

"మీకు పిన్ను జరపడానికి నేనున్నాను," అంది. "నాకెవరున్నారు?"

ఆయన అడగగలిగింది ఒక్కటే. "ఎంతకు పెట్టను?"

"నలభై నిమిషాలకు పెట్టండి. ఇప్పుడు అంతకన్నా ఆగలేను. రోజు విడిచి రోజు ఒక బెజ్జం జరపండి. జరిపినట్టు నాకు చెప్పకండి. మోసం మీకు కొత్త కాదు కదా. ఈసారి నా కోసం చెయ్యండి."

ఆయన పట్టకారుతో ఎనిమిదో బెజ్జంలో పిన్ను గుచ్చాడు. పాత ఫోనును ఆమె మర్నాడే ఆసుపత్రిలో అప్పగించేసింది.

రెండో రోజు మాస్టారు గుర్తుపెట్టుకుని ఒక బెజ్జం జరిపాడు. నాలుగో రోజంతా ఊళ్లో వాచీలు పంచుతూ తిరిగాడు. సాయంత్రం కోచ్ వెంట ఆ పాప కూడా దుకాణానికి వచ్చింది, ఆయన చెప్పిందంతా విని, "అయితే నేను ఎప్పుడూ అంతేనా?" అని అడిగి వెళ్లింది. ఆరో రోజు డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఈసారి భార్య కూడా వచ్చింది.

"వేలు దక్కదు," అన్నాడు డాక్టరు. "పాదం దక్కొచ్చు. ఇప్పుడు ఎన్ని?"

"అయిదు."

"సున్నా కావాలి."

"ఎప్పటిలోగా," అని మొదలుపెట్టి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

ఎనిమిదో రోజు ఉదయం గడ్డం గీసుకుంటుండగా ఆయనకు చప్పున గుర్తొచ్చింది. నాలుగో రోజు పిన్ను జరపలేదు. ఆరో రోజూ జరపలేదు. ముప్పై ఆరు రోజులు ఆమె ఒక్కరోజూ మరిచిపోలేదు. తాను నాలుగో రోజుకే మరిచాడు. సగం గడ్డంతోనే వెళ్లి, కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆమె వంటింట్లో ఉండగా పెట్టె అర తెరిచి, అద్దం పెట్టుకుని చూశాడు.

పిన్ను తొమ్మిదో బెజ్జంలో ఉండాలి. పదకొండో దానిలో ఉంది.

మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండే. తాళంచెవి వైపు చూశాడు. దానికి అంటుకుని ఉండే పొగాకు పొడి లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు.

తనను ఎవరైనా మోసం చేస్తే బాగుండునని కోరుకున్న మనిషికి ఆ భాగ్యం కూడా దక్కలేదు. ఆ పనీ తానే చేసుకుంది. మాస్టారు పిన్నును పన్నెండో బెజ్జానికి జరిపి, తాళం వేసి, గడ్డం పూర్తిచేశాడు.

పూర్తి గంట తరవాత పెట్టె టక్కుమంది. ఆమె వచ్చి ఒక ఆట ఆడి, ఫోను లోపల పెట్టి మూత మూసింది. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అలవాటుగా "ఒక్క నిమిషం" అనబోయి సగం లేచాడు. తన పెట్టె తెరుచుకోవడానికి ఇంకా రెండు గంటలుంది. మళ్లీ కూర్చున్నాడు.

"ఏమండీ," అందామె, పెట్టె మీద చెయ్యి వేసి. "ఇది కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటోందేమో అనిపిస్తోంది."

మాస్టారు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"లేదు," అన్నాడు. "సరిగ్గానే ఉంది."

"అలాగా," అని ఆమె నమ్మినట్టే తలూపింది.